కాదన్న మాట అందరికీ తెలియాలి

కిడ్నీలో రాళ్లను ఒళ్లు కోయకుండా పగలగొట్టే యంత్రాన్ని లిథోట్రిప్టర్ అంటారు. అందులో ట్రిగ్గర్డ్ స్పార్క్ గ్యాప్ అనే చిన్న విడిభాగం ఉంటుంది, అరచేతిలో పట్టేంత. చాలా ఎక్కువ వోల్టేజీని, అనుకున్న క్షణానికి అటూ ఇటూ కాకుండా, ఒక్కసారిగా వదలడం దాని పని. అణుబాంబు లోపలి పేలుడు పదార్థాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి పేల్చాలన్నా కావలసింది ఇదే.

2003లో అమెరికాలోని ఒక తయారీ సంస్థకు ఇవి 200 కావాలని ఆర్డరు వచ్చింది. కాగితాల ప్రకారం అవి దక్షిణాఫ్రికాలోని ఒక ఆస్పత్రికి వెళ్లాలి. ఏ ఆస్పత్రికైనా ఇవి మహా అయితే అయిదారు కావాలి. 200 ఎందుకు? దక్షిణాఫ్రికాకు పంపడానికి లైసెన్స్ అక్కర్లేదు, పాకిస్తాన్‌కు పంపాలంటే కావాలి. అసలు గుట్టు అక్కడుంది. ఈ వ్యవహారం గురించి అమెరికా అధికారులకు ముందే ఒక అజ్ఞాత వ్యక్తి సమాచారం ఇచ్చాడు. తయారీ సంస్థ ఆ అధికారులకు సహకరించింది. మొదటి విడతలో వెళ్లిన 66 ముక్కలనూ పనిచేయకుండా చేసి పంపించారు. అవి న్యూజెర్సీ నుంచి కేప్‌టౌన్‌కు, అక్కడి నుంచి పాకిస్తాన్‌కు ప్రయాణం చేశాయి. ఈ వ్యవహారం నడిపించిన కేప్‌టౌన్ వ్యాపారి 2004 జనవరి 1న అమెరికాలో దొరికిపోయాడు, ఆ తర్వాత నేరం ఒప్పుకున్నాడు.

ఇందులో చట్టం తన వంతు చేసింది. స్పార్క్ గ్యాప్ నియంత్రిత వస్తువుల జాబితాలో ఉంది, ఏ దేశానికి పంపాలంటే లైసెన్స్ కావాలో రాసి ఉంది. అయినా ఆ సమాచారం అంది ఉండకపోతే 200 ముక్కలూ దర్జాగా గమ్యం చేరేవని నా నమ్మకం. ఎందుకంటే పేపర్లు చూడటానికి బాగానే ఉన్నాయి, ఆస్పత్రి కూడా నిజమైనదే. సరుకును ఆపింది ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి సమయానికి చేరడం. ఆయుధాలకూ మామూలు అవసరాలకూ పనికొచ్చే వస్తువుల ఎగుమతి విషయంలో దేశాల మధ్య సహకారం అంటే నా దృష్టిలో మొట్టమొదట ఇదే. ఒకరు కాదన్న లావాదేవీ గురించి రెండోవాళ్లకు తెలియాలి. తెలిశాక ఆ రెండోవాళ్లు అదే సరుకును అదే మనిషికి అమ్మకూడదు. ఇప్పుడున్న వ్యవస్థలో ఈ రెండూ అరకొరగానే ఉన్నాయి, ఉన్న కాస్త కూడా వ్యాపార యుద్ధాల్లో కరిగిపోతోంది. నా బాధ అది.

నేను ఎగుమతుల విభాగంలో పనిచేస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఎండ్ యూజ్ సర్టిఫికెట్ (సరుకును చివరికి ఎవరు, దేనికి వాడతారో చెప్పే పత్రం), లైసెన్స్ అప్లికేషన్, ఇవే నా రోజువారీ పని. 'ద్వంద్వ వినియోగ వస్తువులు' అనగానే చాలామంది ఏదో భయంకరమైన సామగ్రిని ఊహించుకుంటారు. జాబితాలు తెరిచి చూస్తే కనిపించేవి వేరు. టూత్‌పేస్టులో వాడే సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అది నరాలను దెబ్బతీసే విషవాయువుల తయారీలోనూ పనికొస్తుంది. షాంపూల్లో, క్రీముల్లో వాడే ట్రైఇథనోలమైన్ ఉంటుంది, దాని నుంచి నైట్రోజన్ మస్టర్డ్ అనే రసాయన ఆయుధం చేయొచ్చు. టెన్నిస్ రాకెట్లకూ సైకిల్ ఫ్రేములకూ వాడే కార్బన్ ఫైబర్‌లో బలమైన రకాలు యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌కూ క్షిపణికీ పనికొస్తాయి. టీకాల ఫ్యాక్టరీలో సూక్ష్మజీవుల్ని పెంచే ఫెర్మెంటర్లు 20 లీటర్లు దాటితే లెక్కలోకి వస్తాయి. వీటిని నిషేధిస్తే ప్రపంచంలో ఫ్యాక్టరీలు మూతపడతాయి, మందులు ఆగిపోతాయి. కాబట్టి మిగిలిన దారి అడగడమే: కొనేదెవరు, ఎందుకు, చివరికి ఎక్కడ బిగిస్తారు?

ఆ అడగడం ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒకసారి మాకు ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ల కోసం ఎంక్వైరీ వచ్చింది. గ్యాస్ పీడనాన్ని కొలిచే పరికరాలివి. మందుల తయారీలో, చిప్‌ల తయారీలో, వాక్యూమ్ ఫర్నేసుల్లో కావాలి. అయితే సెంట్రిఫ్యూజుల్లో తిరిగే యురేనియం హెక్సాఫ్లోరైడ్ గ్యాస్ మామూలు లోహాలను తినేస్తుంది, దాన్ని తట్టుకునే నికెల్ మిశ్రమంతో చేసిన కచ్చితమైన రకాలు నియంత్రిత జాబితాలో ఉంటాయి. వచ్చిన మెయిల్‌లో అడిగింది ఆ రకమే. వాడకం ఏమిటని ఉన్న గడిలో 'సాధారణ పారిశ్రామిక అవసరాలకు' అని రాశారు. కంపెనీ రిజిస్టరై ఏడాది కూడా కాలేదు. ఇన్‌స్టలేషన్ వద్దన్నారు, ట్రైనింగ్ వద్దన్నారు, వారంటీ కూడా అక్కర్లేదన్నారు, డబ్బు మొత్తం అడ్వాన్స్‌గా ఇస్తామన్నారు. ఖరీదైన పరికరం కొనే మామూలు కస్టమర్ వారంటీ వదులుకోడు, అడ్వాన్స్ దగ్గర మాత్రం గీచిగీచి బేరమాడతాడు. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. ఏ ప్లాంటులో, ఏ లైన్ మీద, ఏ గ్యాస్‌కు వాడతారని రాసి అడిగాం. జవాబు రాలేదు. త్వరగా ఇవ్వకపోతే వేరే దేశంలో తీసుకుంటామని మాత్రం అన్నారు. మేం అమ్మం అని చెప్పేశాం.

అక్కడితో మా ఫైలు మూతపడింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ మూతపడటమే. మేం లైసెన్స్ కోసం అప్లై చేసి, ప్రభుత్వం తిరస్కరించి ఉంటే ఆ తిరస్కారం రికార్డయ్యేది, ఎగుమతి నియంత్రణ బృందాల సభ్యదేశాల మధ్య నోటీసుగా తిరిగేది. మేం అసలు అప్లై చేయలేదు, ముందే కాదన్నాం. కాబట్టి అధికారికంగా ఏమీ జరగనట్టే. అనుమానాస్పదమైన బేరాల్లో ఎక్కువ భాగం ఇలా సేల్స్ డెస్క్ దగ్గరే తెగిపోతాయి. అన్నిటికన్నా విలువైన సమాచారం పుట్టేదీ అక్కడే, పోయేదీ అక్కడే. ఆ కొనుగోలుదారు మర్నాడు ఇంకో దేశంలో ఇంకో సేల్స్ డెస్క్‌కు కొత్త ముఖంతో మెయిల్ పెట్టుకోవచ్చు.

ఒకరు మూసిన తలుపు పక్కింట్లో తెరుచుకోవడం కొత్తేమీ కాదు. ఇరాన్‌తో యుద్ధంలో ఇరాక్ రసాయన ఆయుధాలు వాడిందని 1984లో ఐక్యరాజ్యసమితి పంపిన బృందం తేల్చింది. వాటికి కావలసిన ముడి రసాయనాలు మామూలు వ్యాపార మార్గాల్లోనే అక్కడికి చేరాయి. దాంతో కొన్ని దేశాలు తమ తమ రసాయనాలపై ఆంక్షలు పెట్టాయి. ఎవరి జాబితా వాళ్లది, ఒకటి ఇంకొకదానితో కలవదు. ఒకచోట లైసెన్స్ అడిగితే, అడగని చోటికి వెళ్లి కొనొచ్చు. అందుకే ఆస్ట్రేలియా చొరవతో 1985 జూన్‌లో బ్రస్సెల్స్‌లో 15 దేశాలు, యూరోపియన్ కమిషన్ కూర్చుని జాబితాలు కలుపుకోవడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియా గ్రూప్ అలా పుట్టింది. దానికి ఒప్పంద పత్రం లేదు, చట్టబద్ధమైన అధికారం లేదు. ఒకే జాబితా, ఒకరికొకరు సమాచారం, ఒక దేశం తిరస్కరించిన అమ్మకాన్ని ముందుగా సంప్రదించకుండా ఇంకో దేశం ఒప్పుకోకూడదన్న మాట, ఇంతే.

కలుపుకోవడం మొదలయ్యాక కూడా కన్నాలు మిగిలాయి. థయోడైగ్లైకాల్ అనే ద్రవం ఉంది. బాల్‌పెన్ సిరాలోనూ, బట్టల రంగుల్లోనూ వాడతారు. దాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపితే మస్టర్డ్ గ్యాస్ వస్తుంది. నెదర్లాండ్స్ వ్యాపారి ఫ్రాన్స్ వాన్ అన్రాట్ వెయ్యి టన్నులకు పైగా ఈ ద్రవాన్ని ఇరాక్‌కు చేర్చాడు. 1988 మార్చి 16న ఇరాక్ సైన్యం తన దేశంలోనే ఉన్న హలబ్జా అనే కుర్దుల పట్టణంపై విషవాయువు కురిపించింది. దాదాపు 5,000 మంది చనిపోయారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఎత్తుకున్నట్టే వీధుల్లో పడిపోయారు. హేగ్‌లోని కోర్టు అతన్ని యుద్ధ నేరాల్లో సహాయకుడిగా తేల్చి శిక్ష వేసింది 2005 డిసెంబరులో. అప్పటికి 17 ఏళ్లు గడిచాయి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అంటాం గానీ, ఇక్కడ అదీ సరిపోదు. ఎగుమతి కాగితాల పనిని ఎవరైనా ఉత్త గుమాస్తాగిరీ అన్నప్పుడు నాకు హలబ్జా గుర్తొస్తుంది.

రెండో ఉదాహరణ ఇంకా పాతది, కానీ నాకు దానిలో నేర్చుకోవలసింది ఎక్కువ కనిపిస్తుంది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ కూటమికి కీలక సాంకేతికత వెళ్లకుండా చూడటానికి కోకామ్ అనే కమిటీ ప్యారిస్ కేంద్రంగా పనిచేసేది. చివరికి అందులో 17 దేశాలుండేవి. 1980ల మొదట్లో జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్ సంస్థ లెనిన్‌గ్రాడ్‌లోని నౌకా నిర్మాణ కేంద్రానికి భారీ మిల్లింగ్ యంత్రాలు అమ్మింది. అవి తొమ్మిది అక్షాల యంత్రాలు, అంటే తొమ్మిది రకాలుగా కదులుతూ లోహాన్ని చెక్కేవి. జలాంతర్గామి ప్రొపెల్లర్‌ను చప్పుడు తక్కువ వచ్చేలా వంపులు తిప్పి చెక్కగలవు. లైసెన్స్ కాగితాల మీద మాత్రం వాటిని రెండక్షాల మామూలు యంత్రాలని రాశారు. యంత్రాన్ని నడిపించే కంట్రోలర్లు నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ సంస్థ నుంచి వెళ్లాయి. అంటే జపాన్ అధికారులు సగం చూశారు, నార్వే అధికారులు ఇంకో సగం చూశారు. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

బయటపెట్టింది ఆ బేరంలో మధ్యవర్తిగా ఉన్న జపాన్ ట్రేడింగ్ కంపెనీ ఉద్యోగి. 1985 చివర్లో అతను నేరుగా కోకామ్‌కు ఉత్తరం రాశాడు. కోకామ్ జపాన్ ప్రభుత్వాన్ని అడిగింది, ప్రభుత్వం కంపెనీని అడిగింది, కంపెనీ అలాంటిదేమీ లేదంది. అంతటితో విచారణ చల్లబడింది. 1987లో విషయం పత్రికలకెక్కాక అమెరికా కాంగ్రెస్ సభ్యులు పార్లమెంటు భవనం ముందు తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. మాతృసంస్థ తోషిబా ఛైర్మన్, అధ్యక్షుడు ఇద్దరూ రాజీనామా చేశారు. అందరికీ గుర్తున్నది ఆ సుత్తుల ఫోటో. నేను మాత్రం మధ్యలో నడిచిన ఆ ఉత్తరాల దగ్గరే ఆగిపోతాను. ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వాళ్ల మాటే సాక్ష్యంగా తీసుకునే విచారణ, ఎన్ని దేశాలు కలిసి చేసినా విచారణ కాదు. ఒక దేశం అధికారి ఇంకో దేశానికి వెళ్లి యంత్రాన్ని కళ్లారా చూసే ఏర్పాటు ఉండాలి, అది ముందే రాసుకుని ఉండాలి.

ఇంతవరకూ చదివినవాళ్లలో కొందరికి ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది. ఈ నియంత్రణలన్నీ ఉన్నవాళ్లు లేనివాళ్లపై పెట్టినవే కదా? ఆ ప్రశ్నను పక్కకు నెట్టడం నాకిష్టం లేదు. 1974 మే 18న భారత్ పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిపాకే అణు సరఫరాదారుల బృందం లండన్‌లో సమావేశమైంది. కెనడా ఇచ్చిన రియాక్టరు, అమెరికా ఇచ్చిన భారజలం శాంతియుత అవసరాలకని ఇచ్చినవి, పరీక్షకు దారితీశాయన్నది వాళ్ల ఫిర్యాదు. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే 1992లో జరిగినది వేరు. రాకెట్లకు కావలసిన క్రయోజెనిక్ ఇంజన్ల కోసం ఇస్రో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంటే, క్షిపణి సాంకేతికత నియంత్రణ నిబంధనల పేరుతో అమెరికా ఆ రెండు సంస్థలపైనా ఆంక్షలు పెట్టింది. మరుసటి ఏడాది రష్యా సాంకేతికత ఇవ్వడం మానుకుని ఇంజన్లు మాత్రం ఇచ్చింది. క్రయోజెనిక్ ఇంజన్‌లో మైనస్ 250 డిగ్రీల చలిలో ఉంచాల్సిన ద్రవ హైడ్రోజన్‌ను ప్రయోగానికి ముందు గంటల తరబడి నింపాలి. నిమిషాల్లో ఎగరాల్సిన క్షిపణికి అది పనికిరాదు. భద్రత పేరు చెప్పి ఉపగ్రహ ప్రయోగాల మార్కెట్‌ను కాపాడుకున్నారన్న అనుమానం అప్పుడు పుట్టింది, ఇప్పటికీ పోలేదు. సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో జీఎస్ఎల్వీ 2014 జనవరి 5న విజయవంతంగా ఎగిరింది. 2016లో భారత్ అదే క్షిపణి నియంత్రణ బృందంలో సభ్యురాలైంది.

ఆ ఆంక్షల వల్ల క్షిపణులు ఆగలేదు, ఉపగ్రహాల రాకెట్టు ఏళ్ల తరబడి ఆలస్యమైంది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఆ తర్వాత నిజమైన భద్రతా కారణంతో ఏ దేశం ఏ అభ్యర్థన చేసినా, 'ఇందులో వీళ్ల వ్యాపారం ఎంత?' అనే ప్రశ్న ముందు వస్తోంది. ఆ ప్రశ్న వచ్చిన చోట సమాచారం పంచుకోవడం ఆగిపోతుంది.

ఇప్పుడు అదే తప్పు ఇంకా పెద్ద ఎత్తున జరుగుతోంది. 2022 అక్టోబరు 7న అమెరికా అధునాతన చిప్‌లనూ వాటిని తయారుచేసే యంత్రాలనూ చైనాకు వెళ్లకుండా కట్టడి చేసింది. 2023లో జపాన్, నెదర్లాండ్స్ చిప్ యంత్రాలపై తమ పరిమితులు తెచ్చాయి. ఆ ఏడాదే ఆగస్టు 1 నుంచి చైనా గాలియం, జెర్మేనియం లోహాలకు లైసెన్స్ తప్పనిసరి చేసింది. 2025 అక్టోబరులో అయితే విదేశాల్లో తయారైన వస్తువుల్లో 0.1 శాతం విలువ మేర తన అరుదైన ఖనిజాలున్నా తన అనుమతి కావాలని ప్రకటించింది, నవంబరులో దాన్ని ఏడాదిపాటు ఆపింది. విదేశీ వస్తువులపైనా తన చట్టమే చెల్లాలనే పద్ధతి అమెరికా ముందు నుంచీ వాడుతున్నదే. ఇద్దరూ ఒకే పాఠం చదువుకున్నారు.

ఇందులో భద్రత అసలే లేదని నేను అనను. అణుపరీక్షల లెక్కలకూ, నిఘాకూ, సైనిక కృత్రిమ మేధకూ శక్తిమంతమైన చిప్‌లు నిజంగానే పనికొస్తాయి. కానీ 2025 ఆగస్టులో జరిగింది చూడండి. చైనాకు ఎన్‌విడియా హెచ్20 చిప్‌లు అమ్ముకోవడానికి లైసెన్సులు ఇస్తామని, అందుకు ఆ అమ్మకాల్లో 15 శాతం ప్రభుత్వానికి రావాలని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా చెప్పారు. ఒక వస్తువు ప్రమాదకరమైతే వాటా ఇచ్చినా ప్రమాదకరమే. ప్రమాదం లేనిదైతే లైసెన్సే అక్కర్లేదు. వాటాకు లైసెన్స్ ఇస్తారని ఒకసారి లోకానికి తెలిశాక, రేపు అదే దేశపు అధికారి ఏ ఓడరేవుకో ఫోన్ చేసి 'ఆ కంటైనర్‌లో నెర్వ్ ఏజెంట్ ముడిసరుకు ఉంది, ఆపండి' అంటే అవతలివాళ్లు నమ్మడానికి ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుంటారు. ఆ నిమిషంలో ఓడ కదిలిపోవచ్చు.

సంప్రదాయ ఆయుధాలకూ ద్వంద్వ వినియోగ వస్తువులకూ సంబంధించిన అతి పెద్ద వేదిక వాసెనార్ ఒప్పందం. కోకామ్ 1994లో మూతపడ్డాక 1996లో పని మొదలుపెట్టింది, సచివాలయం వియన్నాలో ఉంది, 42 సభ్యదేశాలు. ఒక్క దేశం కాదన్నా ఏ వస్తువునూ జాబితాలో చేర్చలేరు. రష్యా అందులో సభ్యదేశం. 2022లో ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దాడి తర్వాత కొత్త సాంకేతికతల్ని చేర్చడం దాదాపు స్తంభించింది. దాంతో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా లాంటి దేశాలు 2024లో క్వాంటం కంప్యూటర్లపై ఎవరికి వారు జాతీయ చట్టాలు తెచ్చాయి. విచిత్రంగా అంకెలు మాత్రం ఒకటే, 34 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్ల) దగ్గర గీత. లోపల కలిసి మాట్లాడుకున్నారు, బయట విడివిడిగా ప్రకటించారు. నేను దీన్ని తప్పుపట్టను. ఇల్లు తగలబడుతుంటే ఊరంతా ఒప్పుకునేదాకా నీళ్లు పోయకుండా కూర్చోలేం.

వాసెనార్‌లో ఇంకో లోపం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒక సభ్యదేశం తిరస్కరించిన లావాదేవీని మరో సభ్యదేశం ఒప్పుకోవచ్చు. సున్నితమైన వస్తువుల విషయంలో అయితే, గత మూడేళ్లలో ఎవరో కాదన్న అలాంటి బేరానికే తాను లైసెన్స్ ఇచ్చినట్టు 60 రోజుల్లోపు మిగతావాళ్లకు తెలియజేస్తే చాలు. అమ్మేశాక చెబితే చాలన్నమాట! ఆస్ట్రేలియా గ్రూప్‌లో, అణు సరఫరాదారుల బృందంలో ముందే సంప్రదించాలన్న కట్టుబాటు ఉంది. వాసెనార్ జాబితాలో మాత్రమే ఉన్న మెషీన్ టూళ్లకూ, చిప్‌లకూ, సెన్సర్లకూ అది లేదు. క్షిపణుల్లోంచి, డ్రోన్లలోంచి బయటపడుతున్నవి ప్రధానంగా ఈ రకం వస్తువులే.

ఉక్రెయిన్‌లో కూలిన రష్యా క్షిపణుల్నీ డ్రోన్లనూ విప్పి చూస్తే పాశ్చాత్య దేశాల కంపెనీల చిప్‌లు కనిపించాయి. వాటిలో చాలావరకు మామూలు పరికరాల్లో ఉండే రకమే. ఇక్కడ నాకు నచ్చిన పని ఒకటి జరిగింది. నియంత్రణ జాబితాలు సాంకేతిక కొలతలతో రాస్తారు, కస్టమ్స్ వాళ్లు చూసేది హెచ్ఎస్ కోడ్, అంటే సరుకు రకాన్ని చెప్పే అంకె. ఈ రెండు భాషలూ కలవవు. అయిదక్షాల మెషినింగ్ సెంటర్‌కూ, వర్క్‌షాపుల్లో ఉండే సాదా మెషినింగ్ సెంటర్‌కూ కోడ్ ఒకటే, 8457.10. ఎక్స్‌రే స్క్రీన్ ముందు కూర్చున్న కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌కు అక్షాల తేడా ఎలా తెలుస్తుంది? అందుకని యూరోపియన్ యూనియన్, అమెరికా, బ్రిటన్, జపాన్ కలిసి యుద్ధరంగంలో దొరికిన భాగాల ఆధారంగా 50 హెచ్ఎస్ కోడ్‌లతో ఒకే జాబితా చేశాయి. ఆరంకెల కోడ్ ప్రపంచమంతా ఒకటే కాబట్టి ఏ దేశపు కస్టమ్స్ ఆఫీసరైనా దాన్ని చదవగలడు, ఏ బ్యాంకు గుమాస్తా అయినా ఇన్‌వాయిస్ పక్కన పెట్టి సరిచూడగలడు. 8542.31 కింద ప్రాసెసర్లు ఉన్నట్టుండి ఒక చిన్న దేశానికి ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్తుంటే వాణిజ్య లెక్కల్లోనే తేలిపోతుంది. మధ్య ఆసియా, కాకసస్, టర్కీ, యూఏఈ, హాంకాంగ్ దారుల్లో మళ్లింపులు అలాగే బయటపడ్డాయి. మళ్లింపు ఆగిపోయిందని చెప్పను. కానీ కింది స్థాయిలో పనిచేసే మనిషి చేతికి అర్థమయ్యే పనిముట్టు ఇచ్చారు. అలాంటివి ఇంకా కావాలి.

సరుకు దారి మళ్లేది ఎక్కువగా నడిమధ్య రేవుల్లోనే. సింగపూర్, యూఏఈ, మలేషియాలకు సొంత చట్టాలున్నాయి, కానీ వాసెనార్‌లో సభ్యత్వం లేదు. 2003 అక్టోబరులో లిబియాకు వెళ్తున్న బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టరాంటోకు మళ్లించి చూస్తే వేల సెంట్రిఫ్యూజ్ భాగాలు దొరికాయి. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నెట్‌వర్క్ కోసం మలేషియాలో తయారై, దుబాయ్ మీదుగా బయల్దేరిన సరుకు అది. అలాంటి ఎగుమతిని అడ్డుకునే సమగ్ర చట్టం అప్పటికి మలేషియాలో లేదు, 2010లో తెచ్చుకుంది. అంతకుముందే 2004 ఏప్రిల్ 28న భద్రతా మండలి 1540వ తీర్మానం అన్ని దేశాలూ ఇలాంటి చట్టాలు చేసుకోవాలని కట్టడి చేసింది. మంచిదే. కానీ తీర్మానం రాసినంత సులువుగా ఆ చట్టాన్ని అమలుచేసే ల్యాబు, సాంకేతిక నిపుణుడు, శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టరు పుట్టుకురారు. 'మా జాబితా పాటించండి' అని చెప్పే దేశాలు, ఆ జాబితా రాసే గదిలో ఈ రేవుల దేశాలకు కుర్చీ వేయాలి, శిక్షణకు డబ్బూ పెట్టాలి. రెండూ చేయకుండా ఆజ్ఞలు మాత్రం పంపితే, అవతలివాళ్లు ఫైలు కదిలించడానికి తొందరపడరు. నేను వాళ్ల స్థానంలో ఉన్నా తొందరపడను.

సమాచారం పంచుకోవాలని నేనంటే మా రంగంలో ఒక మిత్రుడు గట్టిగా అడ్డు చెబుతాడు. తప్పుడు అనుమానంతో ఒక చిన్న కంపెనీ పేరు పదిమందికీ పాకితే అది బతకగలదా? పోటీదారు కావాలని బురద చల్లితే? అతని భయం నిజమైనదే. అందుకే పేర్ల జాబితాను కంపెనీల చేతికి ఇమ్మని నేను అడగట్లేదు. మేం కాదన్నప్పుడు కారణాలతో సహా మా ప్రభుత్వానికి చెప్పే ఒక తేలికైన దారి కావాలి, లైసెన్స్ అప్లికేషన్ పెట్టనవసరం లేకుండా. అలాంటి రిపోర్టులు రెండు దేశాల నుంచి ఒకే కొనుగోలుదారు మీద వస్తే అప్పుడు అధికారులు చూడాలి. పేరు చిక్కుకున్న కంపెనీకి తన వాదన చెప్పుకునే అవకాశం, దానికో గడువు ఉండాలి. మందులకూ ఆస్పత్రి పరికరాలకూ ఆలస్యం కాని వేరే వరుస ఉండాలి.

ఇంకో హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే ఏది దొరికితే అది నియంత్రించాలన్న ఆవేశం అధికారుల్లో నేను చూస్తుంటాను. 1990ల్లో అమెరికా బలమైన ఎన్‌క్రిప్షన్‌ను (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా దాచే పద్ధతిని) ఆయుధంతో సమానంగా చూసి, ఎగుమతికి బలహీనమైన రకాన్నే అనుమతించింది. లెక్కల సూత్రాన్ని సరిహద్దులో ఎవరాపగలరు? 1995లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం కోడ్‌ను పుస్తకంగా అచ్చువేసి అమ్మారు, పుస్తకంగా దాన్ని ఎగుమతి చేయడానికి అడ్డు లేదు. అంతకన్నా విషాదం ఏమిటంటే, ఎగుమతి కోసం చేసిన ఆ 512 బిట్ల బలహీన తాళాలు సర్వర్లలో అలాగే ఉండిపోయాయి. 2015లో ఫ్రీక్ అనే లోపం బయటపడినప్పుడు ఎవరి రక్షణ కోసం నియంత్రణ పెట్టారో ఆ అమెరికా వెబ్‌సైట్లే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. ఆపలేనిదాన్ని జాబితాలో పెడితే, ఆపగలిగినవాటి మీద పెట్టాల్సిన మనుషులు అక్కడ ఖర్చయిపోతారు.

నేను కోరేది పెద్ద ఒప్పందం కాదు. ఇప్పుడున్న పరిస్థితుల్లో 42 దేశాలూ ఒక మాట మీదకు వస్తాయని ఆశపెట్టుకోవడం దండగ. ఆ 50 కోడ్‌ల వస్తువుల వరకైనా, ఒకరు కాదన్న బేరాన్ని ముందుగా అడగకుండా ఇంకొకరు ఒప్పుకోకూడదన్న నియమం కొన్ని దేశాలు పెట్టుకోవచ్చు. సింగపూర్, యూఏఈ, మలేషియాలను మొదటి రోజు నుంచే అందులో కూర్చోబెట్టవచ్చు. లైసెన్సుకు వాటా అడగబోమని, వ్యాపార వివాదాల్లో ఈ దారిని వాడబోమని రాతపూర్వకంగా మాట ఇచ్చుకోవచ్చు. దీనికి వియన్నాలో ఏకాభిప్రాయం కోసం ఎదురుచూడనక్కర్లేదు. క్వాంటం కంప్యూటర్ల విషయంలో 34 అనే ఒకే అంకె దగ్గర గీత గీసిన ప్రభుత్వాలే ఈ నియమాన్నీ వచ్చే ఏడాదిలోపు తమ తమ చట్టాల్లో రాసుకోగలవు.